ఎనిమిది బిస్కెట్ల పొట్లం

మా అమ్మ పిండిని ఇంట్లో జల్లించేది కాదు. వాకిట్లో చాప పరిచి, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకొని, దానికి వీపు పెట్టి కూర్చునేది. జల్లెడను జానెడు ఎత్తుకు మించి లేపేది కాదు. నాయన ఇంట్లో ఉంటే వాకిట్లో కూడా జల్లించేది కాదు, ఆయన షిఫ్టుకు దిగేదాకా ఆగేది. చాంపియన్ రీఫ్ బంగారు గనిలో, భూమికి మూడు కిలోమీటర్ల కింద, రాతి దుమ్ము మింగి మింగి ఆయన ఊపిరితిత్తులు బండబారిపోయాయి. డాక్టరు కాగితం మీద సిలికోసిస్ అని ఉండేది. గని కూలీల వరస ఇళ్ల మా లైన్‌లో దానికి వేరే పేరు అక్కర్లేదు, దగ్గు అంటే చాలు. చిటికెడు పిండి గాల్లోకి లేచినా నాయనకు ఆ దగ్గు అందుకునేది. ఒకసారి అందుకుంటే అరగంట దాకా వదిలేది కాదు.

కాబట్టి మా ఇంట్లో పిండిపనికి ఒక రోజంటూ ఉండేది. నాయనకు పగటి షిఫ్టు పడిన వారంలో ఏదో ఒక పొద్దున అమ్మ పొడి పనులన్నీ పెట్టుకునేది. రాగులు వేయించడం, మరపట్టించి తెచ్చిన పిండి జల్లించడం, చక్కెర దంచడం, ఏలకులు నూరడం, కొలవడం, కలపడం, డబ్బాలకెత్తడం. ఆయన షిఫ్టు దిగి వచ్చేలోపు చాప దులిపి, వాకిలి కడిగి, నీళ్లు చల్లి ఉంచేది. ఆ తర్వాత వారం పదిరోజులు పొయ్యి దగ్గర తడిపని ఒక్కటే. డబ్బా మూత తీసి, గ్లాసుతో నెమ్మదిగా ముంచుకొని, నెయ్యీ పాలూ పోసి కలపడం. తడి తగిలిన పిండి లేవదు.

బిస్కెట్ల పిండి ముందే కలిపి ఉంచుకోవడం గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా టైము కలిసొస్తుందని మొదలుపెడతారు. నిజమే, కలిసొస్తుంది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది టైము కాదు, ఆ దగ్గు. ఒక మనిషి దగ్గకూడదని ఇంకో మనిషి తన పనిని రెండుగా చీల్చుకుంది.

మా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అనేది ఒక ఊరు కాదు, ఊళ్ల గుత్తి. మారికుప్పం, చాంపియన్ రీఫ్, కోరమండల్, ఊరిగాం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట. 1880లలో జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వడం మొదలుపెట్టాక ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు కూలికి వచ్చి లైన్ ఇళ్లలో స్థిరపడ్డారు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. శివనసముద్రం నుంచి కావేరి కరెంటు 1902లోనే మా గనులకు వచ్చింది, బెంగళూరు వీధిదీపాల కంటే మూడేళ్లు ముందు. ఆ కరెంటంతా మనుషుల్ని కిందికి దించడానికీ, రాయిని పైకి లాగి పిండి చేయడానికీ. నా చిన్నప్పుడు మా వంటింట్లో కట్టెల పొయ్యే.

రాయిని పిండి చేయడం అన్నాను. అది పోలిక కాదు, మా ఊరి వృత్తే అది. బంగారపు రాతిని మెత్తగా నూరి, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని రాబట్టాక మిగిలిన పొడిని గుట్టలు పోసేవాళ్లు. ఊరి చుట్టూ కొండల్లా కనిపించే ఆ బూడిదరంగు దిబ్బల్ని సైనైడ్ దిబ్బలంటాం. ఎండాకాలం సాయంత్రాలు గాలి తిరిగితే ఆ పొడి లేచి ఉతికిన బట్టల మీదా, నీళ్ల కుండ మూత మీదా పేరుకునేది. అందుకే మా ఊరి ఆడవాళ్లకు మూతల మీద అంత పట్టింపు. అమ్మ ప్రతి డబ్బా నోటికీ ఉతికిన పాత చీర ముక్క అడ్డం వేసి, దానిమీద మూత బిగించేది. నేను బెంగళూరులో కాపురం పెట్టిన కొత్తలో ఆమె వచ్చి నా వంటింట్లో వదులు మూతల డబ్బాలు చూసి, “ఏం మే, ఇట్లా పెట్టినావు, దుమ్ము పడదా?” అంది. నాలుగో అంతస్తులో దుమ్మెక్కడిదని నేను అనలేదు. లేచి మూతలు బిగించాను.

బిస్కెట్ల పిండి డబ్బా మా ఇంటికి ఒక ఆంగ్లో ఇండియన్ ఇంటినుంచి వచ్చింది. అమ్మ వాళ్లకు కుట్టుపని చేసిపెట్టేది. ఆ ఇంటావిడను మేం ఆంటీ అనేవాళ్లం, అమ్మ మేడం అనేది. డిసెంబర్ నెల వస్తే ఆ ఇంట్లో కల్‌కల్స్ వేయించేవాళ్లు, ఫోర్కు వెనక పిండి ముద్దను నొక్కి గవ్వలా చుట్టి. రోజ్ కుకీలు వేసేవాళ్లు, మన గులాబీ పువ్వులే అవి. నేను అమ్మ కొంగు పట్టుకొని వెళ్లి, గడప దగ్గర కూర్చొని వాసన పీలుస్తూ ఉండేదాన్ని. ఆ పండగ పిండివంటల కంటే అమ్మను పట్టుకున్నది వేరే ఉంది. ఒకరోజు ఉన్నట్టుండి చుట్టాలొస్తే, ఆంటీ అలమరలోంచి ఒక రేకు డబ్బా తీసి, రెండు కప్పుల పొడి గిన్నెలో వేసి, వెన్న నలిపి, గుడ్డు కొట్టి, పావుగంటలో బిస్కెట్లను ఓవెన్లోకి తోసేసింది. ఆ డబ్బాలో మైదా, చక్కెర, ఉప్పు, బేకింగ్ పౌడర్ అన్నీ ముందే కలిపి ఉన్నాయి. ఇంటికొచ్చే దారిలో అమ్మ నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు అంది: “ఇది మన సున్నుండల పిండి మాదిరే గదా!”

ఆ మాటలో ఎంత ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మినుములు దోరగా వేయించి, విసిరి, చక్కెరో బెల్లమో కలిపి డబ్బాకెత్తడం తెలుగు ఇళ్లలో ఎన్ని తరాల అలవాటో! ఎవరొచ్చినా, పిల్లలు అడిగినా, బాలింతకు పెట్టాలన్నా, కావలసినంత పిండి తీసుకొని కాచిన నెయ్యి పోసి నాలుగు ఉండలు చుట్టడం. నాలుగంటే నాలుగే. మిగతా పిండి డబ్బాలో అలాగే ఉంటుంది. తొలి ఏకాదశికి చేసే పేలపిండీ అంతే, బతుకమ్మకు తెలంగాణలో చేసే సత్తుపిండీ అంతే. మా అవ్వ రాగుల్ని కొంచెం తడిపి, గుడ్డ కప్పి ఉంచి, బాగా కాలిన ఇసుకలో వేసి పేలాలు చేసేది. అవి చిటపటమని విచ్చుకుంటే ఇల్లంతా కమ్మని వాసన. ఇసుక జల్లించేసి పేలాలను విసిరితే వచ్చే పిండిని కన్నడంలో హురిహిట్టు అంటారు, అవ్వ పేలపిండి అనే అనేది. అందులో రొంత బెల్లం, రొంత పాలు పోసుకుంటే పొయ్యి వెలిగించే పనే లేదు. పొద్దున నాలుగింటికి పొలానికి పోయే మనిషికి అదే టిఫిను.

అంటే ముందే కలిపిన పొడి అనేది అంగళ్లు మనకు నేర్పిన పాఠం కాదు. ఏది నిలవుంటుందో, ఏది నిలవుండదో మన అవ్వలకు తెలుసు. ఆరినది ఆగుతుంది, తడిసినది ఆగదు. పొడిపనికి తీరిక కావాలి, నిదానం కావాలి, కళ్లు సరిగ్గా కనిపించే పగటివెలుగు కావాలి. తడిపనికి ఆకలి ఉంటే చాలు. తీరికున్న పొద్దు చేసిన పని, తీరిక లేని రాత్రికి డబ్బాలో కూర్చొని ఎదురుచూస్తుంది.

సున్నుండకు లేనిదీ, బిస్కెట్టుకు కావలసిందీ ఒకటుంది. అది పొంగాలి. పిండిని పొంగించే పని పూర్వం ఈస్ట్ చేసేది, లేదా పులిసిన పిండి చేసేది. రెండూ ప్రాణమున్నవి, అప్పట్లో వాటిని తడిగానే కాపాడుకోవాలి, కాబట్టి వాటిని పొడి డబ్బాలో దాచడం కుదిరేది కాదు. 1843లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదు. గుడ్డు కూడా పడదని అంతకు ఆరేళ్ల ముందే గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేసిపెట్టాడు. ఈ సంగతి చదివిన రోజు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ బేకింగ్ పౌడర్ తర్వాత సైన్యాలకు వెళ్లింది, లోకమంతా తిరిగింది. మొదట మాత్రం ఒకింట్లో ఒక మనిషి ఒంటికి పడని వస్తువును తప్పించడానికి పుట్టింది.

బేకింగ్ పౌడర్‌లో ఉండేవి మూడే. సోడా, ఒక పుల్లని పొడి, రెంటి మధ్యా చెమ్మ పీల్చుకోవడానికి మొక్కజొన్న పిండి. పొడిగా ఉన్నంతకాలం సోడా, పులుపు పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి పట్టించుకోవు. తడి తగలగానే కలబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ఆ గాలి బుడగలే పిండిని పైకి లేపుతాయి. అందుకే తడి చెంచా డబ్బాలో పెట్టారంటే ఆ డబ్బా పని అయిపోయినట్టే. పాత బేకింగ్ పౌడర్ పనికొస్తుందో లేదో తెలియకపోతే, వేడినీళ్లలో అర చెంచా వేసి చూడండి. బుసబుసమని పొంగితే బతికి ఉన్నట్టు. ఊరకే అడుక్కి దిగిపోతే పారేయండి.

అమెరికాలో 1930లో జరిగిన ఇంకో కథ కూడా నాకు ఇష్టం, అది రైలు కథ కాబట్టి. జనరల్ మిల్స్ కంపెనీలో అమ్మకాలు చూసే కార్ల్ స్మిత్ అనే ఆయన ఒక రాత్రి రైల్లో భోజనాల పెట్టెకు వెళ్లి, ఆ వేళప్పుడు వేడివేడి బిస్కెట్లు క్షణాల్లో వచ్చేసరికి ఆశ్చర్యపోయాడు. అక్కడ బిస్కెట్టంటే మన తియ్యటి బిస్కెట్టు కాదు, మెత్తని రొట్టె. వంటవాడు పిండి, కొవ్వు, ఉప్పు, బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఐసుపెట్టెలో ఉంచుకున్నాడు. స్మిత్ ఆ ఉపాయాన్ని కంపెనీకి చెప్పాడు, 1931లో బిస్క్విక్ పేరుతో డబ్బాలు అంగళ్లలోకి వచ్చాయి. కంపెనీ పేరు లోకానికంతా తెలుసు. ఊగే రైల్లో, ఇరుకు వంటగదిలో, వేళగాని వేళ వచ్చేవాళ్లకు వేడిగా పెట్టాలని ఆలోచించిన వంటవాణ్ణి ఎవరూ తలుచుకోరు. ఉపాయం ఆయనది.

మా వైపు ముందే కలిపిన పొడుల్ని అంగళ్లలోకి తెచ్చింది బెంగళూరు ఎం.టి.ఆర్. 1924లో మయ్య సోదరులు మొదలుపెట్టిన హోటలది. రెండో ప్రపంచయుద్ధంలో బియ్యం దొరక్కపోతే రవ్వ ఇడ్లీ కనిపెట్టారు. 1975లో ఎమర్జెన్సీ వచ్చి హోటల్ ధరలకు సర్కారు కళ్లెం వేస్తే, గిట్టుబాటు కాక హోటల్ మూసి, పొడులూ మిక్సులూ పొట్లాలు కట్టి అమ్మడం ఆరంభించారు. రవ్వ ఇడ్లీ మిక్సు మా లైన్ ఇళ్లలోకి కూడా వచ్చింది. అమ్మ ఒకసారి తెచ్చి, చేసి, తిని, బాగుందని మెచ్చుకుంది. మళ్లీ తేలేదు.

ఎందుకు తేలేదో ఆమె చెప్పలేదు. నేను ఆలోచించుకున్నది చెబుతాను. అంగడి పొట్లం నెలల తరబడి అరలో నిలవాలి. ఏ ఊరి ఎండకైనా, ఏ గోడౌన్ చెమ్మకైనా తట్టుకోవాలి. తౌడూ మొలకా తీసేసిన మైదా అయితే అలా నిలుస్తుంది. ముడి ధాన్యం పిండిలో మొలక నూనె ఉంటుంది, అది కొన్నాళ్లకు ముక్కిపోతుంది. సజ్జపిండి వారానికే చేదెక్కడం మనందరం చూసిందే. అంటే ఎన్నాళ్లు నిలవాలన్నదే ఏ పిండి వాడాలో నిర్ణయిస్తుంది. మా అమ్మ డబ్బా నెల రోజులు నిలిస్తే చాలు. నెల నిలిస్తే చాలనుకున్నప్పుడు మైదా బానిసత్వం పోతుంది, రాగులు వాడుకోవచ్చు, గోధుమలు వాడుకోవచ్చు. ఇంట్లో కలుపుకునే పొడికి అంగడి పొడి మీద ఉన్న అసలైన పైచేయి ఇదే అని నా నమ్మకం. రంగూ వాసనా అంటూ చెప్పేవన్నీ దీని తర్వాతే.

కోలారు జిల్లా ఎర్రనేలకు రాగి పెట్టింది పేరు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట, ఎటు వెళ్లినా రాగి చేలే, సంగటి కుండలే. రాగిగింజ చిన్నది, గట్టిది, పురుగు పట్టదు. పాతరలో పోసి మట్టి కప్పితే ఏళ్లకేళ్లు నిలుస్తుంది. కరువులో జనాన్ని నిలబెట్టింది ఆ పాతరలే. పిండి చేశాక మాత్రం దానికీ వయసు మొదలవుతుంది. అయితే సజ్జలతో పోలిస్తే కొవ్వు చాలా తక్కువ, దోరగా వేయిస్తే ఉన్న కాస్త చెమ్మా పోతుంది, పచ్చివాసన పోతుంది, నెల సులువుగా ఆగుతుంది. కాల్షియం సంగతి అందరికీ తెలుసు, నూరు గ్రాములకు మూడువందల మిల్లీగ్రాములు దాటుతుంది. దీంట్లో బిస్కెట్లకు పనికొచ్చే గుణం ఇంకోటుంది. గోధుమకు ఉన్న సాగుడు రాగికి లేదు. రొట్టెకు అది లోటు. బిస్కెట్టుకు అదే వరం, పుటుక్కున విరగాలి కదా.

ఆంటీ వాళ్లు 1979లో ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. అప్పట్లో చాలా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అలాగే ఇల్లు సర్దుకుని వెళ్లిపోయాయి. వెళ్లేముందు ఆవిడ ఆ రేకు డబ్బాను అమ్మకు ఇచ్చింది. హంట్లీ అండ్ పామర్స్ అని మూత మీద ఉబ్బెత్తు అక్షరాలు, ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊరి బిస్కెట్ల కంపెనీ. ఒక మూల రంగు లేచిపోయి లోపలి రేకు తెల్లగా కనిపించేది. అమ్మ దాన్ని చింతపండుతో తోమి, మూడు రోజులు ఎండలో పెట్టి, నాలుగో రోజు అందులో తన పిండి పోసింది.

తన పిండి అని ఎందుకన్నానంటే, ఆంటీ కొలతలో ఒక్క చక్కెర తప్ప అమ్మ దేన్నీ ఉన్నదున్నట్టు ఉంచలేదు. మైదా తీసేసి, వేయించిన రాగిపిండి ఒక గ్లాసు, గోధుమపిండి ఒక గ్లాసు పెట్టింది. దంచిన చక్కెర ఒక గ్లాసు. గుడ్డు బదులు పావు గ్లాసు పాలపొడి. బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు, తలకొట్టి. ఉప్పు అర చెంచా, ఏలకుల పొడి వాసనకు. వీటిని ఒకటికి మూడుసార్లు కలిపి జల్లించేది. బెల్లం వేస్తే బాగుంటుందని ఆమెకూ తెలుసు, కానీ బెల్లం చెమ్మ లాగి డబ్బా అంతా గడ్డకడుతుంది. బెల్లంతో కావాలంటే చక్కెర లేకుండా పొడి కలిపి ఉంచి, బెల్లాన్ని అప్పటికప్పుడు పాలలో కరిగించి పోసేది.

ఓవెన్ మాకెక్కడిది? మొదట్లో రాబర్ట్‌సన్‌పేటలో ఒక బేకరీకి తీసుకెళ్లేవాళ్లం. మధ్యాహ్నం రొట్టెలు దింపేశాక పొయ్యిలో మిగిలే వేడికి వీధివాళ్ల ట్రేలు పెట్టి తీసేవాళ్లు, ట్రేకి ఇంతని. దీపావళికీ క్రిస్మస్‌కూ అక్కడ వరస ఉండేది, మేం పిండి బేసిన్లు పట్టుకొని నిలబడేవాళ్లం. లైన్‌లో ఉన్న ఇళ్లన్నిటికీ పంచాలి కాబట్టి డబ్బా డబ్బా ఖాళీ అయ్యేది. తర్వాత అమ్మ కుక్కరుతో నేర్చుకుంది. బేతమంగలం వైపునుంచి తెచ్చిన పాలారు ఇసుక కడిగి, ఎండబెట్టి, కుక్కరు అడుగున అంగుళం మందం పరిచేది. దానిమీద చిన్న స్టాండు, స్టాండు మీద పళ్లెం. మూతకు రబ్బరు తీసేసి, వెయిటు పెట్టకుండా, పది నిమిషాలు ఉత్తినే కాచి, అప్పుడు బిస్కెట్ల పళ్లెం దింపి సన్నసెగ మీద ఇరవై, ఇరవైఐదు నిమిషాలు. ఆ పళ్లెంలో ఎనిమిది పడతాయి. తొమ్మిదోది పెడితే ఒకదానికొకటి అంటుకుంటాయి. మా ఇంట్లో ఎనిమిది లెక్క అలా వచ్చింది.

నేను పదో తరగతిలో ఉండగా, అమ్మ ఊరికి పోయినప్పుడు, డబ్బా అడుగున మిగిలిన పిండితో నాయనకు బిస్కెట్లు చేసిపెట్టాను. నోట్లో పెట్టుకోగానే ఆయన ముఖం మారింది. ఏమీ అనకుండా నమిలి మింగి, రెండోది కూడా తీసుకున్నాడు. నేను తిన్నాక తెలిసింది, ఉప్పు, పైన సబ్బు నీళ్లలాంటి సోడా చేదు. అమ్మ వచ్చాక చెబితే డబ్బాను గలగలా ఊపి, లోపలికి చూసి అర్థం చేసుకుంది. రోజూ డబ్బా కదులుతుంటే సన్నగా, బరువుగా ఉన్నవి అడుక్కి దిగుతాయి, తేలికపాటి పిండి పైకి వస్తుంది. పైనుంచి తీసుకుంటూ పోతే మొదటి విడత చప్పగా, చివరి విడత ఉప్పగా.

ఆ మరుసటి నెల నుంచి పిండిని నేరుగా డబ్బాలో పోయడం పోయి పొట్లాలు వచ్చాయి. కలిపిన వెంటనే, సర్దుకునేలోపే, ఒక విడతకు సరిపడా ఒక గ్లాసు లెక్కన విడివిడిగా కట్టేసేది. పాల కవర్లు కడిగి, తిరగేసి తీగె మీద ఆరేసి, పొడి పోసి, కవరు నోటిని మడిచి, మడత అంచును కొవ్వొత్తి మంటకు ఇటునుంచి అటు ఒక్కసారి చూపించేది. ఎక్కువసేపు చూపిస్తే కాలి కన్నం పడుతుంది, తక్కువైతే అతకదు. ఆ ఒక్క క్షణం ఆమె ఊపిరి బిగబట్టేది, కింది పెదవి పళ్లతో పట్టుకునేది. అతికాక వేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టి పిసికి, గాలి పోవడం లేదని తేల్చుకొని, పొట్లాన్ని హంట్లీ డబ్బాలో నిలబెట్టేది. డబ్బాకు పన్నెండు పట్టేవి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. నూట ఇరవై ఏళ్ల పని ఒక్కరోజుతో ఆగింది. సైరన్ ఆగింది. ఆ తర్వాత మా ఊరు రైలు ఊరైపోయింది. తెల్లారకముందే మారికుప్పం నుంచి బెంగళూరు రైళ్లు కదులుతాయి, వేలమంది పొద్దున వెళ్లి రాత్రి వస్తారు. ఇంటికి చేరేసరికి తొమ్మిది, మళ్లీ నాలుగింటికి లేవాలి. ఇలాంటి బతుకులో ఇంట్లో చేసుకొని తినమని ఎవరికైనా చెప్పడం సులువు. మా లైన్‌లో కొందరు ఆడపిల్లలు అమ్మ దగ్గరికొచ్చి పొట్లాలు కట్టడం నేర్చుకున్నారు. ఆదివారం నాలుగు కట్టుకుంటే వారంలో ఏ రాత్రయినా, అన్నం కుక్కరు దించిన పొయ్యి మీదే పిల్లలకు ఎనిమిది బిస్కెట్లు. వంట చేయడానికి ఓపిక లేదనే మాట ఎప్పుడూ పూర్తిగా నిజం కాదు. కలిపి, చుట్టి, కాల్చే ఓపిక చాలామందికి ఉంటుంది. ఐదు డబ్బాలు దించి, కొలిచి, జల్లించి, మళ్లీ ఎత్తిపెట్టే ఓపిక ఉండదు. పొట్లం తీసేసేది ఆ రెండో భారాన్ని.

తక్కువ చేసుకోవడం అనేసరికి మనవాళ్లకు కాస్త చిన్నతనం. డబ్బా నిండా చేస్తేనే పిండివంట అనుకుంటాం. నిండా చేసే రోజులకు నిండా తినే ఇల్లుండేది, పంచుకునే లైన్ ఉండేది. ఇప్పుడు మా అమ్మ ఇంట్లో ఒక్కతే. నాయన పోయి పదిహేనేళ్లు దాటింది, వరసలో నాలుగిళ్లకు తాళాలు. ఆమెకు షుగరు, రోజుకు రెండే తినాలి. కిలో బిస్కెట్లు చేసిపెడితే మెత్తబడి, వాసన పట్టి, చివరికి పారేయలేక ఆమే తింటుంది. ఎనిమిది చేసుకుంటే రెండు తను తిని, ఎదురింటి పిల్లలకు నాలుగిచ్చి, మర్నాటికి రెండు ఉంచుకుంటుంది. నా దృష్టిలో అది తక్కువ కాదు, సరిపడా. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎంతమంది కేవలం ‘ఒక్కదాని కోసం ఏం చేస్తాం’ అని పొయ్యి వెలిగించడం మానేశారో చుట్టూ చూడండి. పొట్లం చించితే పని సగం అయిపోయి ఉంటుంది, మిగిలిన సగం చేతులకు పని, ఇంటికి వాసన.

కొలిచి జల్లించే పని ఇప్పుడు నాది. ఆమెకు చూపు ఆనదు, కొలత గీతలు కనబడవు. నెలకోసారి నేను బెంగళూరులో రాగిపిండి వేయిస్తాను. రాగిపిండి రంగు మారకూడదు, వాసన మారాలి, అక్కడ దింపాలి. పూర్తిగా చల్లారాక గానీ చక్కెరా పాలపొడీ కలపను, వేడిమీద కలిపితే లోపల చెమ్మ పట్టి ఉండకడుతుంది. పొట్లాలు పట్టుకొని ఆదివారం రైలెక్కుతాను. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు అమ్మ ఒక పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకొని పిసికి చూసింది. “గాలి పోతాండాది” అంది. నిజంగానే ఒక మూల సరిగ్గా అతకలేదు. కొవ్వొత్తి తెమ్మని, తనే అతికించింది. చూపు ఆనకపోయినా ఆ ఒక్క క్షణం లెక్క ఆమె చేతికి తెలుసు.

మీ ఇంట్లోనూ దూరంగా ఒక్కరే ఉన్నవాళ్లుంటే, హాస్టల్లో ఉన్న పిల్లాడైనా, ఊళ్లో ఉన్న అత్తయ్యయినా, ఈ ఆదివారం ఒక నాలుగు పొట్లాలు కట్టండి. ఒక్కోదానికి మూడు పెద్ద చెంచాల కరిగిన నెయ్యి, ఒకటో రెండో చెంచాల పాలు సరిపోతాయి. చీటీ మీద ఆ లెక్కా, కట్టిన తేదీ రాసి లోపల పెట్టండి. పాలు మాత్రం ఒక్కో చెంచానే పోసుకోమని రాయండి, ఏ రెండు రాగిపిండులూ ఒకేలా నీళ్లు తాగవు.